దొంగలు పడ్డ ఆర్నెల్లకు మొరిగే బాట్: రీపర్, హెలియన్, జెర్గ్‌లింగ్ దాడుల మీద ప్రాజెక్టు డైరీ

స్టార్‌క్రాఫ్ట్ 2 అనే కంప్యూటర్ యుద్ధపు ఆటలో నేను రాసిన టెర్రన్ బాట్ (టెర్రన్ అనే మనుషుల జాతి తరఫున తనంతట తానే ఆడే ప్రోగ్రాం) మొదటి నాలుగు నిమిషాల్లో వచ్చే దొంగదాడులకు కుదేలయ్యేది. దాన్ని నిలబెట్టడానికి ఏడు వారాలు పట్టింది. బాట్ ఎందుకు మొదలుపెట్టాను, ఎంత ఉత్సాహంగా మొదలుపెట్టాను అన్నవి ఎవరికీ పనికిరావు కాబట్టి వదిలేస్తున్నాను. ఎక్కడ బోల్తా పడ్డానో, ఏ అంకె చూసి ఏది మార్చానో మాత్రం రాస్తున్నాను.

సరంజామా: 16 జీబీ ల్యాప్‌టాప్, లినక్స్, పైథాన్, పైథాన్-ఎస్‌సీ2 లైబ్రరీ. బ్లిజార్డ్, డీప్‌మైండ్ కలిసి 2017లో ఈ ఆటకి ఏపీఐ (బయటి ప్రోగ్రాములు ఆటతో మాట్లాడే ద్వారం) తెరిచాయి. తెర మీద బొమ్మలు లేకుండా నడిచే లినక్స్ ప్యాకేజీలు 4.10 వెర్షన్ దగ్గర ఆగిపోయాయి. నా పరీక్షలన్నీ దాని మీదే. మ్యాప్ ఒక్కటే, అక్రోపోలిస్. ఎస్‌సీవీలను, అంటే ఆటలో డబ్బులా వాడే మినరల్స్ తవ్వి, కట్టడాలు కట్టే యూనిట్లను, ఇకపై కూలీలు అనే అంటాను. మా గదిలో అందరం అలాగే అంటాం.

దశ 0: ముందు త్రాసు

మ్యాచ్ చూసి "ఈసారి బాగానే ఆపింది" అనుకోవడం పెద్ద మోసం. మనకి గుర్తుండేది ఆఖరి ముప్పై సెకన్లే. అందుకే కోడ్‌లో ఒక్క లైను మార్చకముందే కొలత పెట్టుకున్నాను.

ఆటలో ఉండే కంప్యూటర్‌కి "రష్" (ఆట మొదట్లోనే దాడి) అని చెప్పినా ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. దానితో పోల్చుకోవడం కుదరదు. అందుకని మూడు దొంగ బాట్లు నేనే రాశాను.

1. రీపర్ దొంగ. రెండు బ్యారక్స్ (సైనికుల్ని తయారుచేసే కట్టడాలు), వరసగా నాలుగు రీపర్లు. ఒక్కోదానికి 50 మినరల్స్, 50 గ్యాస్, 32 సెకన్లు. కొండ అంచులు ఎక్కి దూకుతుంది, దారితో పనిలేదు. మొదటిది మా ఇంట్లో దిగేది 2:35 ప్రాంతంలో.
2. హెలియన్ దొంగ. బ్యారక్స్ మీద కట్టిన రియాక్టర్‌ని (ఒకేసారి రెండేసి యూనిట్లు చేయించే అదనపు భాగం) ఫ్యాక్టరీకి అప్పగించి రెండేసి చొప్పున నాలుగు హెలియన్లు, అంటే మంట చిమ్మే బళ్లు. 3:40కి గుమ్మంలో ఉంటాయి.
3. లింగ్ దొంగ. జెర్గ్ అనే పురుగుల జాతి; పన్నెండు డ్రోన్ల (వాళ్ల కూలీల) దగ్గరే జెర్గ్‌లింగ్‌లకి కావలసిన స్పానింగ్ పూల్ కట్టడం వేసేసి, గుంపుగా జెర్గ్‌లింగ్‌లు. 2:00కి వచ్చేస్తాయి.

ప్రతి మ్యాచ్‌నీ ఆట గడియారం 6:00 దగ్గర ఆపేస్తాను. సెకనుకి 22.4 లూప్‌ల (ఆట ముందుకి కదిలే ఒక్కో అడుగు) లెక్కన అది 8,064 లూప్‌లు. రెండు అంకెలు రాసుకుంటాను: ఎంతమంది కూలీలు చచ్చారు, మొత్తం ఎన్ని మినరల్స్ తవ్వారు. రెండోది స్కోరు వివరాల్లో నేరుగా దొరుకుతుంది.

ఇక్కడే రెండు తప్పులు చేశాను. మొదటిది సీడ్. ఫలితాలు నిలకడగా ఉంటాయని ర్యాండమ్ సీడ్‌ని (ఆటలోని పాచికలు ఎలా పడాలో తేల్చే అంకె) 7 అని కట్టేశాను. ఇరవై మ్యాచ్‌లు ఆడించాక చూస్తే ఇరవైలోనూ చచ్చిన కూలీలు తొమ్మిదే, మినరల్స్ కూడా ఒకటే. "అబ్బ, ఎంత స్థిరంగా ఉందో" అని పావుగంట మురిసిపోయాను. అదే మ్యాచ్‌ని ఇరవై సార్లు చూశానని తర్వాత వెలిగింది. రెండు బాట్లలోనూ పాచికలు వేసే పని ఏదీ లేనప్పుడు, సీడ్ కూడా ఒకటే అయితే ఇంకేం మారుతుంది? ఇప్పుడు 1 నుంచి 20 దాకా ఇరవై సీడ్లు, ప్రతి వెర్షన్‌కీ అవే ఇరవై.

రెండోది కరెంటు. బెంగళూరు కుందలహళ్లిలో మా వీధికి సాయంత్రం వాన పడితే కరెంటు ఉండదు, మా గదికి ఇన్వర్టర్ లేదు, నా ల్యాప్‌టాప్ బ్యాటరీ ముసలిది. 60 మ్యాచ్‌ల వరసలో 41 అయ్యాక అంతా చీకటి. ఫలితాల ఫైలు అన్నీ అయ్యాకే రాసేలా పెట్టుకున్నాను కాబట్టి 41 మ్యాచ్‌లూ గోవిందా. మ్యాచ్ అయిన వెంటనే ఒక వరస రాసేసి ఫైలు మూసెయ్యండి. రెండు లైన్ల పని.

ఏ దాడీ లేకుండా: 6,240 మినరల్స్. ఇదే నా గీటురాయి.

వెర్షన్ 0 (మా తుపాకీ సైనికులైన మెరైన్లు కనిపించినవాడి మీదికి వెళ్తారు, అంతకుమించి రక్షణ లేదు), ఇరవయ్యేసి మ్యాచ్‌ల సగటు:
రీపర్: 9.4 మంది కూలీలు, 4,710 మినరల్స్.
హెలియన్: 13.1 మంది, 4,650.
లింగ్: 20లో 13 మ్యాచ్‌లు ఆరు నిమిషాల లోపే ఓటమి. సగటు తీయడానికి ఏమీ మిగల్లేదు.

ఇప్పటిదాకా లెక్కలోకి వచ్చిన మ్యాచ్‌లు: 80. గాలికి పోయినవి: 61.

దశ 1: ఊరంతా కర్రలు పట్టుకుని

అందరూ మొదట చేసేదే నేనూ చేశాను. శత్రువు మా ప్రధాన కట్టడం కమాండ్ సెంటర్‌కి 20 గడుల దూరంలోకి వస్తే కూలీలందరూ పని మానేసి మీద పడాలి. ఎనిమిది లైన్ల కోడ్.

వెర్షన్ 1:
రీపర్: 4.2 మంది, 3,980.
హెలియన్: 15.8 మంది, 4,190.
లింగ్: 20లో 6 ఓటములు.

రీపర్ వరసని మళ్లీ చూడండి. చావులు సగానికి పైగా తగ్గాయి, మినరల్స్ మాత్రం వెర్షన్ 0 కంటే 730 తగ్గాయి. ఒక్క చావుల అంకె మాత్రమే రాసుకుని ఉంటే దీన్ని విజయం అనుకుని ముందుకి పోయేవాణ్ని.

రీప్లే తెరిస్తే సంగతి తెలిసింది. కూలీ వేగం సెకనుకి 3.94 గడులు, రీపర్ వేగం 5.25. పద్దెనిమిది మంది కూలీలు ఒక్క రీపర్ వెంట పడి మ్యాప్ మధ్యదాకా పరిగెత్తారు. అది వెనక్కి తిరిగి రెండు కాల్పులు కాల్చి, మళ్లీ పరుగు. ఇక్కడ మినరల్స్ దగ్గర ఒక్క పురుగు లేదు. ఒక కూలీ నిమిషానికి దాదాపు 55 నుంచి 60 మినరల్స్ తెస్తాడు. పద్దెనిమిది మందిని నిమిషం పాటు ఊరేగిస్తే వెయ్యి మినరల్స్ మనమే పారబోసినట్టు. రీపర్ ఖరీదు 50, 50.

అంటే దొంగ ఎత్తుకుపోయిన దానికంటే దొంగ వెంట పరిగెత్తి మనం పోగొట్టుకున్నదే ఎక్కువ. అప్పటినుంచి మూడో అంకె కూడా రాసుకోవడం మొదలుపెట్టాను: బతికి ఉండి కూడా తవ్వని కూలీల సెకన్లు. "ఖాళీ సెకన్లు" అని పేరు పెట్టాను. వెర్షన్ 1లో రీపర్ మ్యాచ్‌ల సగటు 1,510.

ఇంకో మూడు చిల్లర బగ్‌లు కూడా ఇక్కడే బయటపడ్డాయి.

అవతలివాడు ఇల్లు చూసి రమ్మని పంపిన ఒకే ఒక్క కూలీని చూసి మా ఊరంతా లేచింది. వాడు దాడికి రాలేదు, చూసి పోదామని వచ్చాడు.

రీపర్ విసిరే కేడీ8 బాంబు కూడా ఏపీఐ దృష్టిలో ఒక యూనిట్టే. శత్రువుల జాబితాలో అది కూడా వచ్చి కూర్చుంటుంది. మా కూలీలు రీపర్‌ని వదిలేసి బాంబుని కొట్టడానికి దాని మీదికే పరిగెత్తారు. అది చూసి నేను నవ్వు ఆపుకోలేక పక్క మంచం మీద పడుకున్నవాణ్ని లేపేశాను. ఆ పేరుని జాబితాలోంచి తీసెయ్యడం మర్చిపోకండి.

మూడోది ఉయ్యాల. రీపర్ అంచు దాటి చీకట్లోకి పోగానే శత్రువుల జాబితా ఖాళీ. కూలీలు పనికి తిరిగారు. మళ్లీ కనిపించింది, మళ్లీ లేచారు. అర సెకనుకోసారి అటూ ఇటూ. ఎవడూ తవ్వలేదు, ఎవడూ కొట్టలేదు.

మ్యాచ్‌లు: 140.

దశ 2: ఎంతమంది, ఎంతసేపు, ఎంతదూరం

కొత్త నియమాలు ఇవి. కాపీ కొట్టుకునేవాళ్లు ఇక్కడినుంచే మొదలుపెట్టొచ్చు.

1. ఆఖరిసారి కనిపించిన చోటూ, లూప్ అంకే దాచుకో. 67 లూప్‌లు, అంటే 3 సెకన్ల దాకా ఆ శత్రువు ఇంకా అక్కడే ఉన్నట్టు లెక్క.
2. ఒంటరి శత్రు కూలీ అయితే పట్టించుకోకు. వాడు కొట్టడం మొదలుపెడితే ఒక్కణ్ని పంపు.
3. జెర్గ్‌లింగ్‌కి ఇద్దరు కూలీలు. రీపర్‌కి ముగ్గురు. హెలియన్‌కి సున్నా.
4. కమాండ్ సెంటర్ నుంచి 10 దూరం దాటితే వెంటాడటం మాని పనికి పో.
5. ప్రాణం 15 లోపుకి పడితే పనికి పో.
6. శత్రువు చేరడానికి 6 సెకన్లు ఉందనగానే మెరైన్లను వెనక్కి పిలు.

హెలియన్‌కి సున్నా ఎందుకంటే దాని వేగం 5.95. పైగా మంట గీతలా పోతుంది, ఆ గీత మీద ఉన్నవాళ్లందరికీ తగులుతుంది. దెబ్బ 8, కూలీ లాంటి తేలిక యూనిట్ల మీద ఇంకో 6 కలిసి 14. కూలీ ప్రాణం 45. నాలుగు దెబ్బలు. గుంపుగా వెళ్తే నాలుగు దెబ్బల్లో గుంపే ఉండదు. కాబట్టి హెలియన్ కనబడితే పరుగే, విస్తరణ స్థావరంలోని కూలీలు ర్యాంప్ ఎక్కి పై ఇంట్లోకి రావాలి.

ఆరో నియమం దగ్గర నాకు నాలుగు రాత్రులు పోయాయి. మెరైన్లు ప్రతిసారీ రెండు సెకన్లు ఆలస్యం. అదే "దొంగలు పడ్డ ఆర్నెల్లకు" వ్యవహారం. 6 సెకన్లని 8 చేశాను, 9 చేశాను. కొన్నిసార్లు సరిపోయేది, కొన్నిసార్లు మరీ తొందరగా వచ్చి నిలబడేవాళ్లు.

చివరికి కాగితం మీద చేత్తో లెక్క వేశాను. దూరం 30, రీపర్ వేగం 5.25, కాబట్టి 5.7 సెకన్లు. నా బాట్ అదే దూరానికి 8 సెకన్లు అని రాస్తోంది. 30ని 8తో భాగిస్తే 3.75. ఈ 3.75 ఎక్కడిది?

లైబ్రరీ ఇచ్చే యూనిట్ వేగం "నార్మల్" ఆట వేగంలో ఉంటుంది. గడియారం మాత్రం "ఫాస్టర్" లో, సెకనుకి 22.4 లూప్‌లు. నార్మల్‌లో సెకనుకి 16. రెండింటి మధ్య 1.4 రెట్లు తేడా. 3.75ని 1.4తో హెచ్చవేస్తే 5.25. లైబ్రరీ వివరణలో ఆ మాట ఉంది కూడా, నేనే చదవలేదు. ఒకడు మైళ్లలో, ఇంకొకడు కిలోమీటర్లలో చెబుతుంటే ఇద్దర్నీ కలిపి బస్సు టైము వేసినట్టు అయింది నా పని. వేగం ఉన్న ప్రతిచోటా 1.4 పెట్టి, 6 సెకన్ల నియమాన్ని 6కే తిరిగి తెచ్చాను. ఆలస్యం పోయింది.

దాని వెంటే ఇంకో తేడా తగిలింది. దూరం అంటే ఏ దూరం? నేను అందరికీ గీత గీసినట్టు నేరు దూరం వాడాను. రీపర్‌కి అది సరైనదే, గోడ దూకి వస్తుంది కదా. హెలియన్ మాత్రం ర్యాంప్ చుట్టి రావాలి. కొండ కింద 12 దూరంలో ఉన్న హెలియన్ నిజానికి 40 పైనే నడవాలి. అది కింద నుంచి పక్కకి పోతున్నా పైన మా కూలీలు ఇల్లు ఖాళీ చేసేవాళ్లు. హెలియన్‌కి, లింగ్‌కి దారి దూరం అడిగే పాతింగ్ క్వెరీ పెట్టాను, రీపర్‌కి నేరు దూరం ఉంచాను.

వెర్షన్ 2:
రీపర్: 3.6 మంది, 5,060. ఖాళీ సెకన్లు 1,510 నుంచి 520కి.
హెలియన్: 11.9 మంది, 4,780.
లింగ్: 20లో 4 ఓటములు.

మ్యాచ్‌లు: 200.

దశ 3: గోడ

లింగ్‌లకి మందు గోడే, ఇది టెర్రన్ ఆడేవాళ్లందరికీ తెలిసిందే. ర్యాంప్ తలమీద రెండు సప్లై డిపోలు, మధ్యలో బ్యారక్స్. లైబ్రరీ ఆ మూడు స్థానాలూ లెక్కగట్టి ఇస్తుంది, మనం కొలవక్కర్లేదు. డిపోని కిందికి దించితే దారి, పైకి లేపితే గోడ.

సమస్య స్థలంతో కాదు, వేళతో. నా రెండో డిపో సప్లై అవసరమైనప్పుడు, 1:50కి మొదలయ్యేది. కట్టడానికి 21 సెకన్లు. అంటే 2:11. లింగ్‌లు 2:00కే లోపల. పదకొండు సెకన్ల కోసం 4 మ్యాచ్‌లు ఓడిపోతున్నాను. 1:25కి జరిపాను, 1:46కి గోడ సిద్ధం. ఆ తొందర వల్ల ఒక మెరైన్ ఆలస్యం అవుతాడు, ఫరవాలేదు.

మరమ్మతు గురించి ఒక లెక్క. డిపో ప్రాణం 400, కవచం 1. లింగ్ దెబ్బ 5, కవచం పోగా 4. ఒక కూలీ డిపోని కట్టే వేగంతోనే బాగుచేస్తాడు, అంటే 21 సెకన్లకి 400, సెకనుకి 19. లింగ్‌కి సెకనుకి రెండు కాట్లు వేసుకున్నా, డిపో చుట్టూ అయిదారు నిలబడితే సెకనుకి 40 నుంచి 50 పోతుంది. ముగ్గురు కూలీలు చాలు. నేను మొదట ఆరుగుర్ని పెట్టాను, ముగ్గురు ఊరికే నిలబడ్డారు.

లింగ్: 20లో 0 ఓటములు. ఆ రాత్రి గదిలో అందరికీ నా ఖర్చుతో ఆంధ్రా మెస్ భోజనం.

మర్నాడు పొద్దున హెలియన్ ఫలితాలు చూస్తే 14.2 మంది. 11.9 నుంచి పెరిగింది!

రీప్లేలో కనిపించింది ఇది. హెలియన్లు వస్తున్నాయని తెలియగానే వెర్షన్ 2 నియమం ప్రకారం కింద విస్తరణ స్థావరంలో ఉన్న కూలీలు ర్యాంప్ వైపు పరిగెత్తారు. అదే క్షణంలో వెర్షన్ 3 నియమం ప్రకారం గోడ లేచింది. వాన వస్తోందని తలుపు గడియ పెట్టుకుని పిల్లల్ని వీధిలో వదిలేసినట్టు. కూలీలు మూసిన డిపోకి ముఖం ఆనించి నిలబడ్డారు. హెలియన్లకి వాళ్లు వరసలో దొరికారు.

మార్చినవి:

1. కింది కూలీలు లోపలికి వచ్చాకే డిపో లేపు. శత్రువు రెండు సెకన్ల దూరంలోకి వస్తే మాత్రం ఆగకు, లేపెయ్.
2. గోడ లేచి ఉంటే కింద మిగిలినవాళ్లకి "పైకి రా" అన్న ఆజ్ఞ ఇవ్వకు.
3. రీపర్‌ని చూసి గోడ లేపకు. అది ఎలాగూ దూకుతుంది, మన దారి మనం మూసుకోవడమే.
4. శత్రు కూలీని చూసి కూడా లేపకు.

వెర్షన్ 3, సరిచేశాక:
రీపర్: 3.7 మంది, 5,030. (మారలేదు. మారుతుందని నేను అనుకోనూ లేదు.)
హెలియన్: 8.1 మంది, 5,150.
లింగ్: 0 ఓటములు.

మ్యాచ్‌లు: 280.

దశ 4: ఎలా పారిపోవాలి

హెలియన్‌కి 8 మంది ఇంకా ఎక్కువే. చచ్చినవాళ్లలో చాలామంది పరిగెత్తుతూ చచ్చారు. అందరికీ గమ్యం ఒకటే చుక్క, అందుకని ఒక గీతలో పరిగెడుతున్నారు. హెలియన్ మంట కూడా గీతే. శత్రువుకి కావలసిన ఆకారంలో మనమే సర్దుకుని ఇస్తున్నాం.

మొదటి ప్రయత్నం: ఒక్కో కూలీ హెలియన్‌కి ఎదురు దిక్కులో, కొంచెం కొంచెం కోణం మార్చి. కాగితం మీద విసనకర్రలా విచ్చుకున్నారు. ఆటలో సగం మంది మినరల్ గడ్డలకీ కొండ అంచుకీ కొట్టుకుని ఆగిపోయారు. 10.2 మంది. తీసేశాను.

రెండో ప్రయత్నం: "కదులు" ఆజ్ఞ మానేసి "తవ్వు" ఆజ్ఞ. తవ్వడానికి వెళ్లే కూలీలు ఒకరినొకరు అడ్డుకోరు, ఒకరిలోంచి ఒకరు దూరి పోతారు. ఇది మనుషులు కూడా వాడే పాత కిటుకే. ఒక్కొక్కరికీ వేరే వేరే మినరల్ గడ్డ ఇచ్చాను, పై ఇంటివి సగం మందికి, హెలియన్‌కి అవతలి పక్కవి మిగతా సగానికి. ర్యాంప్ దాకా తాము ముందు చేరతామా, హెలియన్ ముందు చేరుతుందా అని చూసుకుని, తాము ముందయితేనే పై గడ్డ.

హెలియన్: 4.4 మంది, 5,480.

రాయడానికి ఇంతే ఉంది గానీ, ఈ ఒక్క మార్పే హెలియన్ మ్యాచ్‌ల్లో చావుల్ని దాదాపు సగానికి తగ్గించింది.

మ్యాచ్‌లు: 320.

దశ 5: బంకర్‌ని ఎక్కడ పెట్టకూడదు

రీపర్‌కి బంకర్. 100 మినరల్స్, 29 సెకన్లు, లోపల నలుగురు మెరైన్లు, వాళ్ల కాల్పుల దూరం 5 నుంచి 6 అవుతుంది. రీపర్ కాల్పుల దూరం 5. ఒంటరి మెరైన్ రీపర్‌కి సరిజోడు కాడు, దాని ప్రాణం 60, వీడిది 45. కానీ బంకర్‌లో ఇద్దరుంటే అది దగ్గరికి రాదు.

రీపర్ వచ్చేది కూలీల కోసం కాబట్టి బంకర్ కూలీల మధ్యే ఉండాలి అనుకుని, మినరల్ గడ్డలకీ కమాండ్ సెంటర్‌కీ మధ్య పెట్టాను. చావులు 3.7 నుంచి 1.8కి పడ్డాయి. మినరల్స్ 5,030 నుంచి 5,010కి.

ఈ పాటికి రెండో అంకెని నమ్మడం అలవాటైంది కాబట్టి, దాడి లేకుండా 20 ఆడించాను. 5,900. గీటురాయి 6,240 కదా. శత్రువు లేని రోజున కూడా 340 పోతోంది. కూలీలు గడ్డ నుంచి సెంటర్‌కి వెళ్లే దారిలో బంకర్ అడ్డం, ప్రతి ట్రిప్పూ చుట్టు తిరిగి. ఔటర్ రింగ్ రోడ్డు మీద రోజూ గంటన్నర కూర్చునేవాడికి ఇది ముందే తట్టాల్సింది.

మార్చింది: కమాండ్ సెంటర్ నుంచి మినరల్ వరస చివరి గడ్డ పక్కకి, కొండ అంచు వైపు. దారికి కనీసం 3 దూరం. ఏ అంచు అన్నది శత్రు స్థావరం దిక్కుని బట్టి బాట్ ఎంచుకుంటుంది.

రీపర్: 1.9 మంది, 5,560.
దాడి లేకుండా: 6,190.

బంకర్‌ని అయిదో నిమిషం దాటాక అమ్మేస్తే 75 మినరల్స్ తిరిగి వస్తాయి. ఆ లైను రాశాను, ఒకసారి శత్రువు ఇంట్లో ఉండగానే అమ్మేసింది, "గత 20 సెకన్లలో ఎవరూ కనిపించకపోతే" అని షరతు చేర్చాను.

మ్యాచ్‌లు: 400.

దశ 6: మనిషి వచ్చాడు

మా చిన్నాన్న కొడుకు కె.ఆర్.పురంలో ఉంటాడు. ఆదివారం మెట్రో ఎక్కి విండోస్ ల్యాప్‌టాప్ మోసుకొచ్చాడు. వాడు ఈ ఆట నాకంటే బాగా ఆడతాడు. మొదటి మ్యాచ్ నాలుగో నిమిషంలో అన్నాడు, "అన్నా, నీ బాట్‌కి భయం ఎక్కువ. చూడు, నేను కాల్చను కూడా."

ఒక్క రీపర్‌ని తెచ్చి బంకర్‌కి అందనంత దూరంలో, కొండ అంచు మీద నిలబెట్టాడు. ఒక అడుగు లోపలికి, ఒక అడుగు బయటికి. ముగ్గురు కూలీలు లేచారు, పది దూరం దాటగానే తిరిగారు, మళ్లీ లేచారు. వాడు ఒక చేత్తో మిక్చర్ తింటూ నిమిషంన్నర ఇలా ఆడించాడు. ఒక్క కూలీ చావలేదు.

"ఒరే, ఇది దాడా?"

"దాడి కాదన్నా, బెదిరింపు. నీవాడికి రెండూ ఒకటే."

ఏడు మ్యాచ్‌లు ఆడాడు, ఏడూ గెలిచాడు. ఇవి లెక్కలో కలపలేదు, అతని ఆట కొత్త వెర్షన్‌ది, పైగా రియల్ టైమ్. ఆ రియల్ టైమ్ వల్లే ఇంకో లోపం కూడా కనిపించింది. నా పరీక్షల్లో బాట్ ఆలోచించేంతసేపు ఆట ఆగుతుంది. రియల్ టైమ్‌లో ఆగదు, ఒక లూప్ అంటే 45 మిల్లీసెకన్ల లోపే. నా అడుగు ఒక్కోసారి 90 తీసుకుంటోంది, ప్రతి శత్రువుకీ విడివిడిగా దారి దూరం అడుగుతున్నాను కాబట్టి. ప్రశ్నలన్నీ ఒకే కట్టగా పంపి, సెకనుకి ఒక్కసారే అడిగేలా మార్చాను. 12 మిల్లీసెకన్లకి దిగింది.

ఇక బెదిరింపు సంగతి. అప్పటిదాకా "ప్రమాదం ఉందా, లేదా" అని ఊరంతటికీ ఒకే జెండా. దాన్ని తీసేశాను. ఇప్పుడు ప్రతి కూలీ తన సంగతి తనే చూసుకుంటాడు:

1. నీకు 6 దూరంలో రీపర్ ఉండి, నీ ప్రాణం 20 కంటే తక్కువైతే అవతలి చివర గడ్డకి పో. అక్కడ కూడా తవ్వడమే.
2. ప్రాణం బాగుంటే కదలకు. తవ్వు.
3. రీపర్ కమాండ్ సెంటర్‌కి 7 లోపలికి వచ్చి, మెరైన్లు ఇద్దరి కంటే తక్కువ ఉంటేనే ముగ్గురు కూలీలు దాని మీదికి.
4. ఒకే రీపర్ మీదికి 15 సెకన్లలో రెండోసారి లేవకు.

రెండో నియమం రాసేటప్పుడు చెయ్యి ఆడలేదు. కాల్పుల్లో నిలబెట్టి పని చేయించడమే కదా. కానీ ఒక రీపర్ ఒక కూలీని చంపడానికి దాదాపు నాలుగు సెకన్లు పడుతుంది, ఈలోగా బంకర్ పని బంకర్ చేస్తుంది.

వెర్షన్ 6:
రీపర్: 2.3 మంది, 5,810. ఖాళీ సెకన్లు 140.
హెలియన్: 4.1 మంది, 5,620.
లింగ్: 0 ఓటములు, 5,300.
దాడి లేకుండా: 6,200.

రీపర్ మ్యాచ్‌ల్లో కూలీల చావులు 1.9 నుంచి 2.3కి పెరిగాయి, మినరల్స్ 250 పెరిగాయి. ఈ బేరం నాకు సమ్మతమే. తమ్ముడు తర్వాతి ఆదివారం వచ్చి అయిదు ఆడి నాలుగు గెలిచాడు. ఓడిన ఒక్కదానికీ మౌస్ బాగాలేదన్నాడు.

మ్యాచ్‌లు: 480. లెక్కలో లేనివి: కరెంటు, సీడ్ తినేసిన 61, తమ్ముడితో 12.

ఇంకా కుదరనివి

హెలియన్లు రెండేసి రెండు దిక్కుల నుంచి వస్తే గోడ నియమం తికమకపడుతోంది. ఒక జత కనిపించి లేపుతుంది, అది వెళ్లగానే దించుతుంది, రెండో జత అప్పుడే వస్తుంది. దించే ముందు 67 లూప్‌లు ఆగేది 200 చేసి చూశాను. 20లో 3 మ్యాచ్‌లలో నా సొంత మెరైన్లు బయట ఇరుక్కున్నారు. 120 దగ్గర ఇప్పుడు పరీక్ష నడుస్తోంది, పద్నాలుగో మ్యాచ్. బయట మబ్బు పట్టింది. ఫైలు వరస వరసకీ రాస్తోందో లేదో ఒకసారి చూసి వస్తాను.